ఉప్పుటేరు గాజుతొట్టెలోకి వచ్చిన దారి

కాకినాడ దగ్గర కోరింగ మడ అడవిలో, చెక్కబాట మీద నిలబడి పాటు వేళ కిందికి చూడండి. నీరు తీసిన బురదలో మడచెట్ల ఊపిరి వేళ్ళు వేలెడంత ఎత్తున వేలకొద్దీ నిలబడి ఉంటాయి. వాటి మధ్య, కళ్ళు నెత్తిన పెట్టుకున్న బురద చేపలు ముందు రెక్కల ఊతంతో పాకుతుంటాయి. కాసేపటికి పోటు వస్తుంది, అంతా మునుగుతుంది. ఆ నీటికి ఒక్కటే రుచి అని చెప్పలేం. గోదావరికి వరదనీరు దిగినప్పుడు చప్పగా ఉంటుంది, ఎండాకాలంలో సముద్రం లోపలికి తోసుకొచ్చి ఉప్పెక్కుతుంది. ఇలాంటి నీటికి మనవాళ్ళు ఏనాడో పేరు పెట్టుకున్నారు. కొల్లేటిని సముద్రంలో కలిపే పాయను ఉప్పుటేరు అనే పిలుస్తాం.

ఈ నీటిని దాని మొక్కలతో, చేపలతో సహా ఇంట్లో గాజుతొట్టెలో నిలపడం అక్వేరియం పెంపకంలో బాగా ఆలస్యంగా పట్టుబడిన విద్య. మంచినీటి తొట్టెకూ సముద్రపు తొట్టెకూ 19వ శతాబ్దంలోనే పద్ధతులు కుదిరాయి. ఉప్పుటేటి తొట్టె మాత్రం చాలాకాలం రెంటికీ చెందని బిడ్డలా మిగిలిపోయింది. చేపలు దొరక్క ఇలా జరగలేదు. చేపకు ఎంత ఉప్పు కావాలని అందరూ అడిగారు, మొక్క ఎంత ఉప్పు ఓర్చుకుంటుందని అడిగినవాళ్ళు తక్కువ. రెండో ప్రశ్న అడిగాకే దారి దొరికింది.

తొట్టెల కంటే ముందు పేర్లు

ఈ ప్రాణులకు శాస్త్రం పేర్లు పెట్టిన కథలో మన తీరానికి సొంత చోటుంది. ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉన్న వైద్యుడు పాట్రిక్ రస్సెల్ 1780లలో విశాఖపట్నంలో చేపలు సేకరించి బొమ్మలు గీయించాడు. ఆయన గ్రంథం రెండు సంపుటాలుగా 1803లో లండన్‌లో అచ్చయింది. అందులో ఉన్నవి రెండు వందల చేపలు. వాటి పక్కన ఇక్కడి జాలర్లు పిలిచే పేర్లే ఇంగ్లిషు అక్షరాల్లో కనిపిస్తాయి. పార జాతి చేపల పేర్లు ఇప్పటికీ అందులో గుర్తుపట్టవచ్చు.

ఆ తరువాత 1822లో ఫ్రాన్సిస్ హామిల్టన్ గంగానది చేపల మీద పుస్తకం ప్రచురించాడు. ఈనాడు ఉప్పుటేటి తొట్టెల్లో పెంచే నైట్ గోబీనీ, పసుపు నలుపు పట్టీల బంబుల్‌బీ గోబీలలో ఒక జాతినీ శాస్త్రానికి పరిచయం చేసింది ఆ పుస్తకమే. మొక్కల వైపు చూస్తే, సామర్లకోటలో ఏళ్ళతరబడి మొక్కలు పెంచి, 1793లో కలకత్తా వృక్షశాస్త్ర తోటకు వెళ్ళిన విలియం రాక్స్‌బర్గ్ కనిపిస్తాడు. పోటునీటి బురదలో పెరిగే ఒక చేమ కుటుంబపు మొక్కకు ఆయన ‘సిలియేటా’ అని పేరు పెట్టాడు. ఈనాటి క్రిప్టోకొరైన్ సిలియేటా అదే. భారతదేశం నుంచి న్యూగినీ దాకా మడ అడవుల అంచుల్లో అది కనిపిస్తుంది.

అన్ని పరిచయాలూ ఇంత సజావుగా సాగలేదు. నోటితో నీళ్ళు చిమ్మి పురుగుల్ని పడగొట్టే చేప గురించి 1764లో బటావియా (ఇప్పటి జకార్తా) నుంచి లండన్ రాయల్ సొసైటీకి కబురందింది. కబురుతో పాటు వచ్చిన నమూనా మాత్రం పొడవు మూతి ఉన్న వేరే సముద్రపు చేపది. అసలు విలుకాడు ఆర్చర్ ఫిష్ ఎవరో ఆ తరువాత గాని తేలలేదు.

ఒక జాడీ, రెండు దారులు

అక్వేరియానికి పునాది వేసింది ఒక మొక్క. 1849లో లండన్ రసాయన శాస్త్రవేత్త రాబర్ట్ వారింగ్‌టన్ పన్నెండు గ్యాలన్ల గాజు పాత్రలో రెండు చిన్న గోల్డ్‌ఫిష్‌లను వదిలి, రిబ్బన్ లాంటి ఆకులుండే వాలిస్నేరియా మొక్కను నాటాడు. కొద్దిరోజులకు ఆకులు కుళ్ళి నీరు మురికి పట్టింది. కుళ్ళిన ఆకులు తినే చెరువు నత్తల్ని తెచ్చి వేశాడు. నీరు తేటపడింది. చేప వదిలే వాయువు మొక్కకు, మొక్క వదిలే ప్రాణవాయువు చేపకు, మిగిలిన చెత్త నత్తకు. ఈ సమతూకాన్ని ఆయన 1850లో కెమికల్ సొసైటీ ముందు పెట్టాడు.

తరువాత ఆయన సముద్రపు నీటితోనూ అదే ప్రయత్నం చేశాడు. అక్కడ వాలిస్నేరియా స్థానంలో పచ్చని సముద్రపు నాచు వచ్చింది. 1853లో లండన్ జంతుప్రదర్శనశాలలో ‘ఫిష్ హౌస్’ తెరుచుకుంది. దాని వెనుక ఉన్న ఫిలిప్ హెన్రీ గాస్ మరుసటి ఏడు పుస్తకం రాసి, నాలుగు లవణాలతో కృత్రిమ సముద్రపు నీరు తయారుచేసే పద్ధతి చెప్పాడు. అలా మొదటి ఐదేళ్ళలోనే దారి రెండుగా చీలింది. ఒకవైపు వేరున్న మొక్కలతో మంచినీరు, మరోవైపు నాచుతో ఉప్పునీరు. మధ్యలో ఉన్న నీటికి అప్పుడెవరూ తొట్టె కట్టలేదు.

ఆవిరి ఓడలు తిరిగిన కాలంలో ఉష్ణమండల రేవుల నుంచి యూరప్‌కు కొత్త చేపలు వచ్చాయి. స్కాట్, మోనో, ఆర్చర్, గోబీ వంటివి నదీముఖాల్లోనే పట్టినవి. కొన్నవాళ్ళు వాటిని మంచినీటిలో వేసి, చేప నీరసించగానే ఒక చెంచా ఉప్పు కలిపేవారు. ఈ చెంచా లెక్క ఇప్పటికీ పోలేదు. మన ఊళ్ళ దుకాణాల్లోనూ మాలీ చేప అమ్ముతూ “కొంచెం కల్లుప్పు వెయ్యండి” అంటారు. ఆ సలహాలో సగం నిజముంది. మాలీకి గట్టినీరు కావాలి. గట్టితనానికి మూలమైన కాల్షియం, మెగ్నీషియం, కార్బొనేట్లు వంట ఉప్పులో ఉండవు. ఉన్నదంతా దాదాపు సోడియం క్లోరైడే. మొక్కకు హాని చేయడానికి అది చాలు, చేపకు పూర్తి మేలు చేయడానికి చాలదు.

మధ్య నీటికి కొలత

మధ్య నీటిని సొంత లోకంగా చూసిన శాస్త్రవేత్తల్లో జర్మన్ జీవశాస్త్రజ్ఞుడు అడోల్ఫ్ రెమానే ముఖ్యుడు. బాల్టిక్ సముద్రాన్ని పరిశీలించి 1934లో ఆయన ఒక సంగతి తేల్చాడు. లీటరుకు 5 నుంచి 8 గ్రాముల ఉప్పు ఉన్న చోట జీవజాతుల సంఖ్య అన్నిటికంటే తక్కువ. మంచినీటి జాతులు అక్కడిదాకా వచ్చి ఆగిపోతాయి, సముద్రపు జాతులు అంత పల్చటి నీటికి దిగిరావు. 1958లో వెనిస్‌లో సమావేశమైన శాస్త్రవేత్తలు ఈ నీళ్ళను మెట్లుగా విడదీశారు. వెయ్యికి 0.5 నుంచి 5 వరకు మొదటి మెట్టు, 18 వరకు రెండోది, 30 వరకు మూడోది. నిండు సముద్రం 35 దగ్గర ఉంటుంది.

ఈ లెక్క మనకు కొత్తది కాదు. భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువు గట్టు మీద ఏ రైతునడిగినా “సాలినిటీ ఇన్ని పీపీటీ” అని చెబుతాడు. వెయ్యికి ఇన్ని పాళ్ళు అనే అదే కొలత అది. చెరువు చుక్కను గాజు మీద వేసి, రిఫ్రాక్టోమీటర్‌ను వెలుగుకేసి పట్టి చూస్తాడు.

రెమానే తేల్చిన సంగతిని మొక్కలు నాటే తొట్టెకు అన్వయిస్తే హద్దు దానంతటదే కనిపిస్తుంది. తొట్టెలో పెరిగే మొక్కలు చాలావరకు మంచినీటివి. ఉప్పు పెరిగితే ఆకు కణాల్లోని నీటిని బయటి నీరు లాగేసుకుంటుంది. అందుకే పచ్చటి ఉప్పుటేటి తొట్టె మొదటి మెట్టులోనే, 5 లోపలే నిలవాలి. అక్కడ ఓర్చుకునేవి కొన్నే: వాలిస్నేరియా, జావా ఫెర్న్, అమెరికా తూర్పుతీరపు పోటునీళ్ళలో పుట్టిన సాజిటేరియా సుబులాటా, ఆయుర్వేదం బ్రాహ్మిగా వాడే బకోపా, రాక్స్‌బర్గ్ పేరు పెట్టిన సిలియేటా.

మిగతా పనిముట్లు తరువాతి దశాబ్దాల్లో సమకూరాయి. 1960లలో ‘ఇన్‌స్టంట్ ఓషన్’ వంటి సముద్రపు ఉప్పు మిశ్రమాలు పెట్టెల్లో అమ్మకానికి వచ్చాయి. 1990లలో జపాన్‌కు చెందిన తకాషీ అమానో పుస్తకాలతో తొట్టెలో మొక్కే ప్రధానమన్న దృష్టి ప్రపంచమంతా పాకింది. 2006లో నీల్ మాంక్స్ సంపాదకత్వంలో ఉప్పుటేటి చేపల మీదే ఒక పూర్తి పుస్తకం వచ్చింది. మధ్య నీటి పెంపకం ఇక అనుబంధంగా కాక సొంత శాఖగా నిలబడింది.

ఈనాటి తొట్టె

ఇంత దూరం నడిచి వచ్చిన అనుభవం ఒక వంద లీటర్ల తొట్టెలో ఎలా పనిచేస్తుందో దగ్గరగా చూద్దాం. అడుగున ఇసుక, అందులో కడిగి నలగ్గొట్టిన ఆల్చిప్పలు. అవి మెల్లగా కరిగి నీటి గట్టితనాన్ని నిలుపుతాయి. మొదటి నాలుగైదు వారాలు మంచినీరే ఉంచి మొక్కలు నాటాలి. ఈలోగా వేళ్ళు పట్టుకుంటాయి, ఫిల్టర్‌లో వ్యర్థాన్ని విడగొట్టే బ్యాక్టీరియా స్థిరపడుతుంది.

తరువాత ఉప్పు మొదలుపెట్టాలి. లక్ష్యం 3 పీపీటీ అనుకుంటే మొత్తం 300 గ్రాముల సముద్రపు ఉప్పు మిశ్రమం. వంటింటి త్రాసులో 50 గ్రాములు తూచి, బకెట్ నీటిలో పూర్తిగా కరిగించి, ఫిల్టర్ నీరు పడే చోట నెమ్మదిగా పోయాలి. నాలుగైదు రోజులు ఆగి మళ్ళీ 50. ప్రతి విడతకూ ముందు వాలిస్నేరియా ఆకు అంచు చూడాలి. అంచు గాజులా పారదర్శకమైతే అక్కడితో ఆగాలి. క్రిప్టోకొరైన్ పాత ఆకులు కరిగిపోయినా కంగారుపడి పీకకూడదు, వేరు బాగుంటే కొత్త నీటికి తగిన కొత్త ఆకు వేస్తుంది.

చేపలు ఆఖరున వస్తాయి. నాలుగు సెంటీమీటర్లు దాటని బంబుల్‌బీ గోబీలు ఒక పది, పాచి కొరికే మాలీలు నాలుగైదు. లేదా గోబీల బదులు దక్షిణ భారత, శ్రీలంక తీరపు నీళ్ళ ఆరెంజ్ క్రోమైడ్ జంట ఒకటి. ఈ క్రోమైడ్‌కు పెద్ద బంధువు కేరళ కరిమీన్. తొట్టెలో రెండూ కలిసి ఉంటే ఆరెంజ్ క్రోమైడ్ కరిమీన్ ఒంటి మీది పరాన్నజీవుల్ని ఏరి తింటుందని 1972లో పరిశోధకులు ప్రకటించారు. అయినా కరిమీన్ పెద్దగా పెరిగే చేప, వంద లీటర్లలో దానికి చోటుండదు. స్కాట్ మొక్కల్ని మేసేస్తుంది. స్కాట్, మోనోలు పెరిగేకొద్దీ ఎక్కువ ఉప్పు కోరతాయి, ఆ ఉప్పులో మొక్కలు బతకవు. పఫర్ తోటి చేపల రెక్కలు కొరుకుతుంది. వీటిని కలపకపోవడమే వాటి మీద దయ.

మన ఎండలకు ఇంకో జాగ్రత్త అవసరం. ఆవిరయ్యేది నీరే, ఉప్పు తొట్టెలోనే ఉంటుంది. తగ్గిన మట్టానికి మంచినీరే పోయాలి. నీరు మార్చేటప్పుడు మాత్రం తీసినంత ఉప్పదనం ఉన్న నీటినే తిరిగి పోయాలి. అక్కడ కాస్త అటూఇటూ అయినా ఈ చేపలు తట్టుకుంటాయి. పోటుపాట్ల మధ్య పుట్టినవి కదా.

కోరింగ 1978 నుంచి అభయారణ్యం. అక్కడి నుంచి ఒక్క వేరూ, ఒక్క చేపపిల్లా తేకూడదు. తేనక్కరలేదు కూడా. అక్కడ నేర్చుకోవలసింది చూసి నేర్చుకుని రావచ్చు: ఏ మొక్క నీటికి ఎంత దగ్గరలో ఉంది, ఏ చేప ఏ వేళకు ఎక్కడ మేస్తోంది. రొయ్యల రైతు చేతిలోని రిఫ్రాక్టోమీటర్ మన ఊళ్ళలోనే ఉంది. 1849లో వారింగ్‌టన్ జాడీలో నిలిచిన వాలిస్నేరియా ఇప్పుడు మన దుకాణాల్లోనే దొరుకుతుంది. ఆ ఆకు పచ్చగా ఉన్నంతసేపు ఉప్పు సరిపోయినట్టే.