సాలరీ స్లిప్‌లో ఏ మాటకు ఏమిటి అర్థం? చేతికొచ్చేది ఎంత?

పెద్ద అంబర్‌పేట్, హయత్‌నగర్, ఎల్‌బీ నగర్ వైపు గోదాముల్లో, షోరూముల్లో, ఆస్పత్రుల్లో పనికి చేరే పిల్లలకు ఆఫర్ లెటర్ ఎక్కువగా ఇంగ్లీషులోనే వస్తుంది. ఇంట్లో పెద్దవాళ్లకు తెలిసిన మాటలు జీతం, తన్‌ఖ్వా. లెటర్‌లో కనిపించే పెద్ద అంకెను నమ్మి ఇంటి కిరాయి, ఫీజులు లెక్కేసుకుంటే నెలాఖరుకు ఇబ్బంది తప్పదు. సంతకం పెట్టే ముందే ఈ మాటలు తెలుసుకోవాలి.

సీటీసీ: కాస్ట్ టు కంపెనీ. ఒక ఉద్యోగి మీద యాజమాన్యం ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు. ఇది చేతికొచ్చే జీతం కాదు.

బేసిక్, డీఏ: బేసిక్ అంటే అసలు జీతం, డీఏ అంటే కరువు భత్యం. పీఎఫ్, గ్రాట్యుటీ లెక్కకు ఇవే ఆధారం. అందుకే బేసిక్ ఎంతో ముందుగా అడగాలి.

హెచ్‌ఆర్‌ఏ: ఇంటి అద్దె భత్యం.

గ్రాస్: కోతలకు ముందు నెల జీతం మొత్తం.

పీఎఫ్: బేసిక్, డీఏల్లో 12 శాతం ఉద్యోగి జీతం నుంచి కోస్తారు. యాజమాన్యం కూడా 12 శాతం కట్టాలి. అందులో కొంత పెన్షన్ ఖాతాకు పోతుంది.

ఈఎస్‌ఐ: నెల జీతం 21,000 రూపాయల లోపు ఉన్నవారికి వర్తించే వైద్య బీమా. ఉద్యోగి వాటా 0.75 శాతం, యాజమాన్యం వాటా 3.25 శాతం. కుటుంబానికి కూడా వైద్యం అందుతుంది. నాచారం, సనత్‌నగర్‌లలో ఈఎస్‌ఐ ఆస్పత్రులు ఉన్నాయి.

పీటీ: వృత్తి పన్ను. తెలంగాణలో నెలకు 15,000 వరకు లేదు. ఆపైన 20,000 వరకు 150, అది దాటితే 200 రూపాయలు.

నెట్ పే: కోతలన్నీ పోను బ్యాంకులో పడేది.

ఒక లెక్క చూద్దాం. బేసిక్, డీఏ కలిపి 12,000, హెచ్‌ఆర్‌ఏ 6,000 అయితే గ్రాస్ 18,000. పీఎఫ్ 1,440, గ్రాస్ మీద ఈఎస్‌ఐ 135, పీటీ 150 పోతే చేతికొచ్చేది 16,275. యాజమాన్యం కట్టే పీఎఫ్ 1,440, ఈఎస్‌ఐ 585 కూడా కలిపితే నెలకు 20,025. ఏడాదికి సీటీసీ 2,40,300 అని లెటర్‌లో రాస్తారు. దాన్ని 12తో భాగించి 20,000 వస్తుందనుకుంటే నెలకు దాదాపు 3,750 తేడా పడుతుంది.

గ్రాట్యుటీ: పర్మనెంట్ ఉద్యోగి ఐదేళ్లు పనిచేసి మానేస్తే, ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున ఇవ్వాలి. చివరి బేసిక్, డీఏ 12,000 ఉంటే ఐదేళ్లకు సుమారు 34,615 రూపాయలు. కొన్ని కంపెనీలు దీన్ని కూడా సీటీసీలో కలిపి చూపిస్తాయి.

బోనస్: చట్టం వర్తించే చోట కనీసం 8.33 శాతం ఇవ్వాలి. ఈద్‌కు తీసుకునే అడ్వాన్స్ బోనస్ కాదు, తర్వాతి జీతాల్లో కోస్తారు.

ఎల్‌ఓపీ: సెలవులు మిగలనప్పుడు మానేసిన రోజులకు జీతం కోత.

స్లిప్‌లో పీఎఫ్ కోసినట్టు ఉంటే సరిపోదు, ఆ డబ్బు ఖాతాలో పడాలి. 12 అంకెల యూఏఎన్ నంబరుతో ఉమంగ్ యాప్‌లో పాస్‌బుక్ చూసుకోవచ్చు. నెలలు గడిచినా జమ కాకపోతే స్లిప్పులు తీసుకుని బర్కత్‌పురాలోని పీఎఫ్ ఆఫీసులో ఫిర్యాదు చేయాలి. అందుకే ప్రతి నెలా స్లిప్ అడిగి తీసుకోవాలి, దాచుకోవాలి.