గళ్ళలో పట్టని వొత్తులు

గూగుల్ ఫాంట్స్‌లో తెలుగు ఒక్కటే ఎంచుకుని, రోమన్ అక్షరక్రమంలో పేర్లు చూసుకుంటూ వెళ్తే ధూర్జటి తర్వాత గిడుగు, గిడుగు పక్కన గురజాడ కనిపిస్తారు. ఆ వెంటనే హింద్ గుంటూరు. విజయనగరంలో మహారాజా వారి స్కూల్లో ఒకే తరగతి చదివిన ఇద్దరూ, నూట నలభై ఏళ్ళు దాటాక ఇంగ్లీషు జి అక్షరం పుణ్యమా అని మళ్ళీ ఒకే బెంచీ మీదికి చేరారన్నమాట.

నేను ఆ జాబితాలోకి సాహిత్యం కోసం వెళ్ళలేదు. మా ఇంటి క్యాలెండర్ కోసం వెళ్ళాను. మా వాళ్ళు సగం శ్రీకాకుళంలో, సగం విజయనగరంలో. పిల్లలం హైదరాబాదులోనూ బెంగుళూరులోనూ. అరసవల్లి రథసప్తమి ఎప్పుడు, పైడితల్లి తొలేళ్ళు ఎప్పుడు, సిరిమాను ఏ తారీకు, ఎవరి తద్దినం ఎప్పుడు అని ప్రతి నెలా ఫోన్లు. (సిరిమానుకి లెక్క సులువే, విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం. తద్దినాలకే చిక్కు. తిథి ఏటేటా తారీకు మారుతుంది.) అందరూ ఫోన్లో చూసుకునేలా ఒక వెబ్ పేజీ చేసి, అందులో రెడీమేడ్‌గా దొరికే క్యాలెండర్ ఒకటి తగిలించాను. భాష తెలుగు అని ఒక మాట రాస్తే నెలల పేర్లూ వారాల పేర్లూ తెలుగులో వచ్చేశాయి. తిథులు ఎక్కడినుంచో తెచ్చి పోశాను. చాలా గర్వపడ్డాను.

మామ్మకి చూపిస్తే ఫోను దూరంగా పెట్టింది, దగ్గరగా పెట్టింది, కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టింది. "ఏటిరా ఇది, సీమలు పాకినట్టుంది?" అంది.

నేను నవ్వేశాను. కార్తీకంలో ఆ నవ్వు కాస్తా పోయింది. తాతయ్య పోయింది కార్తీక బహుళ చవితి నాడు. మా బాబాయి ఆ పేజీ చూసి హైదరాబాదు నుంచి రైలు టికెట్టు తీసుకున్నాడు, చతుర్దశికి. పది రోజులు తేడా. తప్పు ఆయనది కాదు. ఆ నెలలో రెండు గళ్ళలో ఒకేలా "బ. చతు…" అని కనిపించింది. ఒకటి చతుర్థి, రెండోది చతుర్దశి. గడిలో మిగిలిన అక్షరాలకి చోటు లేక, సాఫ్ట్‌వేరు మూడు చుక్కలు పెట్టి ఊరుకుంది. గోడ మీది క్యాలెండర్ చూసి మామ్మ ఫోన్ చేయబట్టి సరిపోయింది, లేకపోతే చిన్న కొడుకు లేకుండానే తద్దినం అయిపోయేది.

ఆ రాత్రి కూర్చుని గడి కొలిచాను. ఫోన్ తెర వెడల్పు 360 పిక్సెల్స్ అనుకోండి. ఏడు వారాలకి పంచితే గడికి 51. అక్షరం సైజు 14 పెట్టినా "బ. చతుర్దశి" అందులో పట్టదు. పోనీ రెండు వరసలుగా విరుద్దామంటే గడి ఎత్తు ముందే బిగించేసి ఉంది. అదీ రోమన్ అక్షరాల కొలతతో. రోమన్‌లో జి, వై లాంటి వాటికి కిందకి చిన్న తోక, అంతే. తెలుగులో తలకట్టు, గుడి పైకి పోతాయి, వొత్తు కిందకి దిగుతుంది, ఒక్కోసారి వొత్తు కింద వొత్తు. వరసల మధ్య ఎడం అక్షరం సైజుకి 1.2 రెట్లు ఉంటే ఇంగ్లీషుకి సుఖంగా ఉంటుంది. తెలుగుకి 1.6 అయినా ఇవ్వకపోతే జ్యేష్ఠ కింద ఠ వొత్తు తెగి, కింది గడి అంచులో ఇరుక్కుంటుంది. ఇంతా చేస్తే క్యాలెండర్లో ఉన్నవన్నీ అలాంటి పేర్లే. జ్యేష్ఠ, ఆర్ద్ర, ఉత్తరాభాద్ర. భాషలో వొత్తులు బాగా బరువున్న మాటల్ని ఏరి అతి చిన్న గళ్ళలో పెడతాం.

వారాల వరస ఇంకా అన్యాయం. చోటు చాలదని సాఫ్ట్‌వేరు వారం పేర్లో మొదటి అక్షరమే ఉంచింది: ఆ, స, మ, బ, గ, శ, శ. యూనికోడ్‌లో "సో" అంటే ఒక అక్షరం కాదు, "స" ఒకటి, ఓత్వం ఒకటి. మొదటిది ఉంచమంటే గుణింతాన్ని ఊడగొట్టి పారేసింది. శుక్రవారమూ శనివారమూ కవలలైపోయాయి. ఇంగ్లీషు వాళ్ళకీ టి రెండుసార్లు, ఎస్ రెండుసార్లు వస్తాయి కదా అంటారు. నిజమే. కానీ వాళ్ళది వాళ్ళు ఎంచుకున్న పొదుపు. మనకి శు, శ అని తేడా చూపే వీలుండగా పోగొట్టారు.

ఇదేం కొత్త కష్టం కాదు. సీసపు అక్షరాల రోజుల్లోనే తెలుగు కంపోజింగుకి రోమన్ కన్నా ఎన్నో రెట్లు అచ్చులు కావాల్సొచ్చేవి. 1991లో యూనికోడ్ మొదటి వెర్షన్‌లోనే తెలుగుకి చోటు దొరికినా, ఆ తర్వాత చాలా ఏళ్ళు ఏ పత్రిక ఫాంటు ఆ పత్రికదే, దింపుకోకపోతే పేజీ నిండా పిచ్చిగీతలు. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి వచ్చింది, విండోస్ 7తో వాణి, 8తో నిర్మల. కాన్సస్ నుంచి దేశికాచారి గారు పోతన, వేమన ఫాంట్లు చేసి ఉచితంగా ఇచ్చారు. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా" అనే ఒక్క తెలుగు అక్షరం మెసేజ్‌లో వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి, గుర్తుందా? ఆపిల్ హడావిడిగా 11.2.6 విడుదల చేసి సర్దుకుంది. అప్పుడు మనమంతా మీమ్స్ చేసుకుని నవ్వుకున్నాం. ఇప్పుడాలోచిస్తే, కొలత తీసేటప్పుడు మన వొత్తుని ఎవరూ లెక్కలో వేసుకోరనడానికి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

సరే, ఫాంటు మారిస్తే చదవడానికి వీలవుతుందేమోనని ఆ జాబితాకి వెళ్ళాను. ఊరి అభిమానం కొద్దీ ముందు గిడుగునీ గురజాడనీ పెట్టి చూశాను. రెండూ పురుషోత్ కుమార్ గుత్తుల గీసినవి, సిలికానాంధ్ర ఉచితంగా పంచినవి. నెల పేరు పెద్దగా రాస్తే ముచ్చటగా ఉన్నాయి. గడిలో పెడితే మామ్మ చీమలు ఇంకా చిన్నవయ్యాయి. అంకె అదే 16 అయినా నోటోలో అక్షరం పెద్దగా, గిడుగులో చిన్నగా కనిపిస్తుంది. పైకీ కిందకీ పోయే గుర్తులకి ఎవరెంత చోటు వదిలారన్నదాన్ని బట్టి ఉంటుంది అది. శీర్షికకి తగిన అక్షరాన్ని గడిలో కుక్కడం నా తెలివితక్కువే.

అయితే ఆ పేర్లు చూస్తూ కూర్చున్నప్పుడే అసలు సంగతి తట్టింది. 1906లో యేట్స్ అనే దొర ఈ ప్రాంతానికి స్కూళ్ళ ఇన్‌స్పెక్టరుగా వచ్చి, పుస్తకాల్లో తెలుగుకీ మనుషులు మాట్లాడే తెలుగుకీ ఇంత తేడా ఎందుకని అడిగాడు. గిడుగు, గురజాడ, విశాఖపట్నంలో పి.టి. శ్రీనివాస అయ్యంగారు ఆ ప్రశ్న పట్టుకున్నారు. 1914లో గురజాడ మద్రాసు యూనివర్సిటీకి తన అసమ్మతి పత్రం రాసిచ్చారు. (ఇంగ్లీషులో. ఆయన డైరీలూ ఎక్కువగా ఇంగ్లీషే.) మరుసటేడు ఆయన పోయారు, అప్పటికి గ్రాంథికం వాళ్ళదే పైచేయి. 1919లో గిడుగు "తెలుగు" అని పత్రిక పెట్టి ఒక్కరే కొట్లాడారు. శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన మనిషి, సవర భాష నేర్చుకుని దానికి వ్యాకరణం, నిఘంటువు చేసిన మనిషి. ఆయన గొడవంతా ఒక్కటే: రాత చదివేవాడికి అందాలి.

నేను పోసిన తిథుల్లో ఏముంది? ద్వితీయ, తృతీయ, చతుర్థి. మనింట్లో ఎవరంటారండీ ఆ మాటలు? యమవిదియ, అట్లతద్ది, నాగుల చవితి. విదియ, తదియ, చవితి. ఒక్క వొత్తు లేదు, మూడేసి అక్షరాలు, 51 పిక్సెల్స్‌లో దర్జాగా కూర్చుంటాయి. పైగా ద్వితీయకి ద్వాదశితో, తృతీయకి త్రయోదశితో, చతుర్థికి చతుర్దశితో ఉన్న పేచీ మొత్తం పోతుంది. నోటి మీద అరిగి అరిగి ఆ మాటలు ఒకదానికొకటి దూరం జరిగాయి. గోడ క్యాలెండర్లూ పంచాంగాలూ ఎప్పట్నుంచో వేస్తున్నది విదియ, చవితి అనే. నాకిది కాస్త సిగ్గుగా అనిపించింది. ఛాందసం అంటే పంచాంగమే అనుకునేవాణ్ణి. ఈ విషయంలో సిద్ధాంతిగారు గిడుగు పక్షాన ఉన్నారు, నా సాఫ్ట్‌వేరు పరవస్తు చిన్నయసూరి కన్నా ముందుకి పోయి నేరుగా సంస్కృతంలో కూర్చుంది.

తర్వాత చేసినవి చిన్న పనులు. తిథుల పేర్లు మార్చాను. బహుళం అని ప్రతి గడిలో రాయడం మానేసి, పున్నమి తర్వాతి గళ్ళకి బూడిదరంగు వేశాను. గడికి ఎత్తు బిగించకుండా, ఇంతకి తగ్గకూడదు అని మాత్రం చెప్పాను. కొలతలన్నీ పిక్సెల్స్‌లో కాక, చదివేవాళ్ళ ఫోన్లో పెట్టుకున్న అక్షరం సైజుని బట్టి పెరిగేలా రాశాను. వెబ్ పేజీలో అక్షరం 200 శాతానికి పెంచినా ఏదీ తెగిపోకూడదని 2008 నుంచీ ప్రపంచానికంతటికీ ఒక నియమం ఉంది, దాన్ని మొదటిసారి చదివాను. ఫోన్లో నెలంతా గళ్ళుగా చూపడం కూడా మానేసి, వారానికి ఏడు వరసలు, ఒకదాని కింద ఒకటి పెట్టాను. వరసకి తెర వెడల్పంతా దొరికింది. ఉత్తరాభాద్ర కాళ్ళు చాపుకుంది. తారీకులకి తెలుగు అంకెలు పెట్టే వీలుందని తెలిసి ౧, ౨, ౩ అని వేసి చూశాను. అందంగానే ఉన్నాయిగానీ మా తమ్ముడు ౨ని తొమ్మిదనుకున్నాడు, తీసేశాను. అక్షరాలకి నోటో, పైన నెల పేరుకి గురజాడ. గిడుగుని ఎక్కడ పెట్టాలో తెలియక పండగల పేర్లకి పెట్టాను, పెద్ద సైజులో.

మామ్మ ఇప్పుడు ఫోన్లో చూసి, తర్వాత వంటింటి గుమ్మం పక్కన మేకుకున్న క్యాలెండర్లో కూడా ఒకసారి చూసుకుంటుంది. పాలవాడి లెక్క రాసుకోడానికి నీ దాన్లో జాగా ఏదిరా అని అడిగింది. ఆ పని ఇంకా చెయ్యలేదు.