ఆక్స్‌ఫర్డ్ మ్యూజియంలో మన వస్తువులు, మన సాక్ష్యం

హుమాయూన్ పాదుషా ఆస్థానానికి ఉస్తుర్లాబులు చేసిచ్చిన లాహోరు నివాసి ఉస్తాద్ అల్లాహ్‌దాద్ పనితనానికి నిదర్శనంగా నేడు రెండు పరికరాలు ప్రసిద్ధమై ఉన్నాయి. ఒకటి హిజ్రీ 975 (క్రీ.శ. 1567) నాటిది. అది హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియంలో ఉన్నది. తేదీ లేని రెండవది ఇంగ్లాండులోని ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ మ్యూజియంలో ఉన్నది. ఒకే ఉస్తాదు చేతి పనులు ఒకటి మూసీ ఒడ్డుకు, మరొకటి థేమ్స్ ఒడ్డుకు చేరాయి. ఆ రెండవ చోట ఇటీవలి సంవత్సరాలలో జరిగిన ప్రదర్శనల గురించి, ప్రజా సమావేశాల గురించి తెలుసుకోవటం మనకు అవసరమని తోచి ఈ వ్యాసం వ్రాయటం జరిగింది. దూరదేశపు విశేషాలు చెప్పి పాఠకులను ఆశ్చర్యపరచటం దీని ఉద్దేశం కాదు. మన పెద్దలు వదిలివెళ్ళిన వస్తువుల తరఫున మాట్లాడే బాధ్యత ఎవరిది అన్నదే ఇక్కడి అసలు ప్రశ్న.

మ్యూజియం పుట్టుక

ఎలియాస్ ఆష్మోల్ అనే పండితుడు తన వద్దనున్న వింత వస్తువుల సేకరణను ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి అప్పగించగా, 1683లో ఆష్మోలియన్ మ్యూజియం ప్రజలకు తెరవబడింది. బ్రిటన్‌లో సామాన్య ప్రజలకు ప్రవేశం లభించిన మొదటి మ్యూజియం ఇదే. ఆ సేకరణలో ఎక్కువ భాగం ట్రేడెస్కాంట్ అనే తోటమాలుల కుటుంబం కూడబెట్టినది. గవ్వలు, ఎండిన జంతువులు, నాణేలు, దూరదేశాల దుస్తులు, ఆయుధాలు అన్నీ ఒకేచోట పేర్చి ఉండేవి. ఇతర జాతుల వస్తువు ఆనాటి సందర్శకునికి కేవలం ఒక వింత.

కాలక్రమాన సేకరణలు విడిపోయాయి. బోమాంట్ వీధిలో 1845లో పూర్తయిన కొత్త భవనంలోని చిత్రశాలలతో పాత మ్యూజియం 1908లో కలిసిపోయి, కళకు, పురావస్తువులకు సంబంధించిన నేటి ఆష్మోలియన్ ఏర్పడింది. 1683 నాటి పాత భవనంలో, లూయిస్ ఎవాన్స్ 1924లో దానమిచ్చిన శాస్త్ర పరికరాలతో మొదలై, విజ్ఞానశాస్త్ర చరిత్ర మ్యూజియం వెలిసింది. అల్లాహ్‌దాద్ ఉస్తుర్లాబు ఉన్నది అక్కడే. మానవజాతి శాస్త్ర వస్తువుల కొరకు 1884లో స్థాపించిన పిట్ రివర్స్ మ్యూజియం మూడవది. మూడూ ఒకే విశ్వవిద్యాలయానివి కనుక వీటిని కలిపి చూడటమే ఉచితం.

ఆక్స్‌ఫర్డ్‌కు అరబీ విద్యతో ఉన్న సంబంధం మ్యూజియం కంటే పాతది. అక్కడ అరబీ ఆచార్య పీఠం 1636లో ఏర్పడింది. దాని మొదటి ఆచార్యుడు ఎడ్వర్డ్ పొకాక్. ఆయన అంతకు ముందు సిరియాలోని హలబ్ నగరంలో ఇంగ్లీషు వర్తకుల మతాచార్యునిగా ఉండి అరబీ నేర్చుకున్నాడు, వ్రాతప్రతులు సేకరించాడు. ఆ సేకరణలో ఆయనకు తోడ్పడినవాడు అహ్మద్ అనే ఒక దర్వేషు. గ్రంథాలు వెదికిపెట్టటం, నకళ్ళు వ్రాసివ్వటం అతని పని. పొకాక్ స్వదేశానికి వెళ్ళిన తర్వాత కూడా అతడు ఉత్తరాలు వ్రాశాడు. చరిత్ర గ్రంథాలలో పొకాక్ పేరు పెద్ద అక్షరాలతో ఉన్నది. దర్వేషు అహ్మద్ పేరు మాత్రం పరిశోధకులకు తప్ప తెలియదు. వస్తువు వెళ్ళింది, దానిని చదివి వివరించిన మనిషి పేరు వెనుకబడిపోయింది. ఈ సంగతి గుర్తుంచుకుంటే ముందు చెప్పబోయేది తేలికగా అర్థమవుతుంది.

వస్తువులు చేరిన విధం

ఆష్మోలియన్‌లోని ఇస్లామీ వస్తువులలో పెద్ద సేకరణ ఒకటి 1946లో వచ్చింది. ఈజిప్టు పురాతత్వవేత్త పెర్సీ న్యూబెర్రీ ఇచ్చిన వస్త్ర ఖండాలవి. అందులో ఈజిప్టు ముస్లింల కుట్టుపనితో పాటు, మన దేశంలో అచ్చువేసిన నూలు గుడ్డ ముక్కలు వెయ్యికి పైగా ఉన్నాయి. ఫుస్తాత్, అంటే పాత కైరో ప్రాంతపు మట్టిదిబ్బలలో దొరికినవాటి పేరుతో ఇటువంటివి ప్రసిద్ధం. వీటిలో కొన్ని దాదాపు వెయ్యేళ్ళ నాటివని పరీక్షలలో తేలింది. ఇవి మన మచిలీపట్నానివి కావు, ఎక్కువ భాగం గుజరాతువి. అయితే చెక్క అచ్చు, కారం పట్టించటం, మంజిష్ఠ ఎరుపు, నీలిమందు అనే పద్ధతి మన అద్దకపువారికి కొత్తది కాదు. రాజుల పట్టుబట్టలు భద్రపరచబడటంలో వింత లేదు. ఇవి పేదల, మధ్యతరగతివారి గుడ్డలు. చిరిగిన తర్వాత అతుకు వేసి మళ్ళీ వాడుకున్నవి కూడా వీటిలో ఉన్నాయి. హిందూ మహాసముద్రపు ముస్లిం వర్తకం ఎంత విశాలమైనదో ఈ పాత గుడ్డలు చెప్పినంత స్పష్టంగా ఏ రాజశాసనమూ చెప్పదు. ఇక్కడ కూడా సేకరణకు కొన్నవాని పేరే స్థిరపడింది. అద్దినవాడెవరో, కట్టుకున్నదెవరో అల్లాహ్‌కే తెలుసు.

పరికరాల సంగతి వేరు. వాటిని చేసిన ఉస్తాదులు తమ పేర్లు చెక్కారు. ఇస్ఫహాను నివాసి ముహమ్మద్ బిన్ అబీ బక్ర్ హిజ్రీ 618 (1221–22)లో చేసిన ఉస్తుర్లాబు వెనుక పళ్ళచక్రాల యంత్రం ఉన్నది. సూర్యచంద్రుల స్థానాలను, చంద్రకళలను అది చూపుతుంది. గోళాకారపు ఉస్తుర్లాబు ఒకటి, మూసా అనే ఉస్తాదు హిజ్రీ 885 (1480–81)లో చేసినది, సంపూర్ణంగా మిగిలినవాటిలో ఏకైకమైనదిగా పేరుపొందింది. ఇవి రెండూ ఆక్స్‌ఫర్డ్ పాత భవనంలోనే ఉన్నాయి.

ఉస్తుర్లాబు భాగాల పేర్లు అరబీ చదివినవారికి సుపరిచితాలు. అన్నిటిని ఇముడ్చుకొనే పళ్ళెం ‘ఉమ్’, అంటే తల్లి. నక్షత్రాల సూచికలున్న జాలీ ‘అంకబూత్’, అంటే సాలీడు. అక్షాంశాన్ని బట్టి మార్చే రేకు ‘సఫీహా’. వాటిపై అంకెలు అబ్జద్ అక్షరాలలో ఉంటాయి. బిస్మిల్లాహ్‌కు బదులు ఉత్తరం తలపై 786 వేసే అలవాటున్న ఇంటిలో పుట్టిన పిల్లవాడికి ఆ లెక్క కొద్దిగానైనా తెలుసు. చాలా భారతీయ ఉస్తుర్లాబులలో నగరాల పట్టికలు కూడా చెక్కి ఉంటాయి. నమాజు వేళలు, ఖిబ్లా దిశ కట్టటానికి ఇవి పనికివచ్చాయి. దమిష్క్ జామె మస్జిదులో వేళలు నిర్ణయించే మువఖ్ఖిత్‌గా పనిచేసిన ఇబ్నుష్షాతిర్ (మరణం 1375) ఆ కాలపు గొప్ప ఖగోళవేత్తలలో ఒకడు. మన దర్సె నిజామీ పాఠ్యక్రమంలో సైతం ‘తష్రీహుల్ అఫ్లాక్’, ‘షర్హె చగ్మీనీ’ వంటి హయ్అత్ గ్రంథాలు ఉండేవి. ఇప్పుడు చాలా మదరసాలలో వాటిని చదివేవారు లేరు. పరికరం అద్దాల పెట్టెలోకి పోవటం కంటే ఆ విద్య మన చేతిలో నుండి జారిపోవటం పెద్ద నష్టం.

2016 ప్రదర్శన లేవనెత్తిన ప్రశ్న

ఆష్మోలియన్ 2009లో విస్తరించి తిరిగి తెరచినప్పుడు, దేశదేశాల సంస్కృతులు ఒకదానితో మరొకటి కలిసిన తీరు తెలిసేటట్లు వస్తువులను అమర్చారు. ఇది మెచ్చదగిన మార్పు. ఇస్లామీ కళను ఎడారిలో ఒంటరిగా మొలిచిన చెట్టులాగా కాక, చీనా పింగాణీతో, ఇటలీ కుండలతో, భారతీయ నూలుతో ఇచ్చిపుచ్చుకొన్నదిగా చూసే వీలు కలిగింది.

2016 అక్టోబరు నుండి 2017 జనవరి వరకు అక్కడ జరిగిన ప్రదర్శన మన దృష్టిలో ప్రత్యేకమైనది. ఫ్రాంచెస్కా లియోనీ నిర్వహించిన ఆ ప్రదర్శన విషయం ఇస్లామీ కళ, అతీంద్రియ శక్తులు. జ్యోతిషం, స్వప్నఫలం, ఫాల్ చూడటం, తావీజులు, ఆయతులు వ్రాసిన చొక్కాలు మొదలైన వందకు పైగా వస్తువులు అందులో చేరాయి.

దీనిని గురించి ఒక ముస్లిం పాఠకుని మనస్సులో సందేహం కలగటం సహజం. తౌహీదు ధర్మాన్ని తావీజుల ద్వారా పరిచయం చేయటం న్యాయమేనా? ఖుర్ఆన్ చదివే కోట్లాదిమందిని వదిలి, ఫాల్ చూసేవారిని ముందుకు తేవటం మన ముఖాన్ని వంకరగా చూపటం కాదా?

ఈ అభ్యంతరంలో బలం ఉన్నది, కాని అది సంపూర్ణం కాదు. ఆ వస్తువులు కల్పితాలు కావు. వాటిని చేసినవారు, ధరించినవారు ముస్లింలే. సుల్తానులు యుద్ధానికి పోతూ అటువంటి చొక్కాలు తొడిగారు. తల్లులు బిడ్డల మెడలో రక్షలు కట్టారు. నేటికీ మన పల్లెలలో కడుతున్నారు. చరిత్ర వ్రాసేవాడు తనకు నచ్చినదే జరిగినదని చెప్పరాదు. అయితే చరిత్రలో రెండవ పక్షం కూడా ఉన్నది. ఇబ్నె ఖల్దూన్ (రహ్మలై) తన ముఖద్దిమాలో జ్యోతిషాన్ని ఖండించటానికి ప్రత్యేకంగా ఒక అధ్యాయం కేటాయించారు. ఇబ్నె ఖయ్యిమ్ (రహ్మలై) దానిపై సుదీర్ఘంగా వ్రాశారు. ఆయతులు వ్రాసి ధరించటం విషయంలో ఉలమాల మధ్య భేదాభిప్రాయం ఉన్నది. కొందరు షరతులతో అనుమతించారు, కొందరు వారించారు. మస్జిదులో వేళలు కట్టే ఖగోళ విద్యకు, గ్రహాలతో భవిష్యత్తు చెప్పే విద్యకు మధ్య గీత గీసింది ముస్లిం పండితులే.

అయితే ఒక చిక్కు ఉన్నది. తావీజు ఒక వస్తువు, దానిని అద్దాల పెట్టెలో పెట్టవచ్చు. తావీజును వారించిన ఫత్వా ఒక వాదం, దానిని పెట్టెలో పెట్టినా చూపరుల కళ్ళకు ఆనదు. అందమైన వస్తువు మాట్లాడినంత గట్టిగా నిరాడంబరమైన వాక్యం మాట్లాడలేదు. ఇది ఏ నిర్వాహకుని దురుద్దేశమూ కాదు, మ్యూజియం అనే పద్ధతిలోనే ఉన్న పరిమితి. అందువల్ల వస్తువు పక్కన ఒక మనిషి నిలబడాలి. “ఇది ఇలా వాడారు, దీనిని ఫలానావారు ఇందువల్ల కాదన్నారు” అని చెప్పగలవాడు కావాలి.

ముల్తఖా

ఆ మనిషిని వెదికే ప్రయత్నం మొదట బెర్లినులో జరిగింది. సిరియా, ఇరాకు యుద్ధాల నుండి ప్రాణాలు దక్కించుకొని వచ్చినవారికి శిక్షణ ఇచ్చి, 2015 డిసెంబరు నుండి అక్కడి ఇస్లామీ కళా మ్యూజియంలోను, మరి మూడు మ్యూజియాలలోను మార్గదర్శకులుగా నియమించారు. దానికి పెట్టిన పేరు ‘ముల్తఖా’, అరబీలో కలుసుకొనే చోటు అని అర్థం. ఈ తరహాలోనే ఆక్స్‌ఫర్డ్‌లో విజ్ఞానశాస్త్ర చరిత్ర మ్యూజియం, పిట్ రివర్స్ మ్యూజియం కలిసి ముల్తఖా కార్యక్రమం ఆరంభించాయి. ఇల్లు వదిలి వచ్చినవారు, ఆ ఊరిలో స్థిరపడినవారు కలిసి స్వచ్ఛందంగా పనిచేశారు. అరబీలోను, ఇంగ్లీషులోను సందర్శకులకు వస్తువులను వివరించారు. ముట్టుకొని చూసే వీలున్న వస్తువులతో కుటుంబాలకు, పిల్లలకు సమావేశాలు జరిపారు. ముస్లిం దేశాల వస్త్రాలతో 2019లో పిట్ రివర్స్‌లో ఏర్పాటైన ప్రదర్శనలో వారి మాటలకు స్థానం లభించింది.

హలబ్ దర్వేషు అహ్మద్ సంగతి ఇక్కడ మళ్ళీ గుర్తుకు వస్తుంది. దాదాపు 400 సంవత్సరాల క్రితం హలబ్ నుండి గ్రంథాలు ఆక్స్‌ఫర్డ్‌కు పోయాయి, వివరించినవాడు అక్కడే ఉండిపోయాడు. మన కాలంలో ఆ సిరియా మనుషులే ఇంగ్లాండుకు చేరి, తమ పేర్లతో, తమ గొంతుతో వివరించసాగారు. అయితే అది విద్య కొరకు చేసిన ప్రయాణం కాదు, యుద్ధం తరిమితే చేసినది. కనుక దీనిని శుభకథగా మాత్రమే చెప్పుకోవటం తగదు. కొన్ని గంటలు మార్గదర్శకులుగా నిలవటం వేరు, ఏ వస్తువు కొనాలి, ఏది చూపాలి అని నిర్ణయించే బల్ల దగ్గర కూర్చోవటం వేరు. మొదటిదానికి తలుపు తెరుచుకున్నది. రెండవది కూడా తెరుచుకున్ననాడే పని పూర్తయినట్లు.

మన కర్తవ్యం

ఇక సాలార్‌జంగ్ మ్యూజియంకు వద్దాం. 1951లో దీవాన్ దేవిడీలో ప్రారంభమై, 1968లో ఇప్పటి భవనానికి మారిన ఈ మ్యూజియంలో గడియారం గంట కొట్టే సమయానికి జనం గుమిగూడతారు. గడ్డపు బొమ్మ బయటికి వచ్చి గంట మోగించటం పిల్లలకు, పెద్దలకు ఒకే వేడుక. అందులో తప్పు లేదు. కాని కాలాన్ని కొలవటమే ఆ వేడుక అయితే, అదే పని ఒక ఇత్తడి పళ్ళెంతో చేసిన ఉస్తాద్ అల్లాహ్‌దాద్ పేరు మనలో ఎందరు విన్నారు?

ఒకరిని నిందించి ప్రయోజనం లేదు. మ్యూజియంవారికి అబ్జద్ చదివే మనిషి కావాలి. ఆ అక్షరాలు చదవగల మన తాలిబె ఇల్మ్‌కు మ్యూజియం గుమ్మం కొత్త. విశ్వవిద్యాలయంలో చరిత్ర చదివిన మన యువకునికి ఫార్సీ రాదు. ఫార్సీ వచ్చిన మౌల్వీసాబుకు వివరించవలసిన తెలుగు సందర్శకునితో మాట్లాడే అలవాటు లేదు. నాలుగు చేతులలో నాలుగు తాళపుచెవులు ఉన్నాయి, పెట్టె ఒక్కటే. మదరసాలోను, విశ్వవిద్యాలయంలోను కూర్చున్న ఈ రచయితకు ఆ రెండు గదుల మధ్య గోడ ఎంత మందమో అనుభవంలో తెలుసు. అనువాదకుని పని ఆ గోడలో చిన్న కిటికీ పెట్టటమే.

కనుక చేయదగినది పెద్ద పథకం కానక్కరలేదు. ఒక మదరసా నుండి కొందరు విద్యార్థులు, ఒక కళాశాల నుండి కొందరు, ఒక ఉపాధ్యాయుడు కలిసి నెలకొకసారి మ్యూజియంలో ఒకే ఒక్క వస్తువు ముందు నిలిచి, దాని మీద వ్రాసి ఉన్నది చదివి, తెలుగులో ఒక పుట వ్రాసుకోవచ్చు. ఊరి పాత మస్జిదు శిలాఫలకంతో, ఇంటి పెట్టెలోని ఖాజీ పత్రాలతో, వక్ఫు దస్తావేజుతో కూడా ఈ పని చేయవచ్చు. చదివినది పొరుగున ఉన్న హిందూ సోదరునికి కూడా అర్థమయ్యే తెలుగులో చెప్పాలి, ఎందుకంటే ఆ వస్తువు ఈ నేల చరిత్రలో కూడా భాగం.

సాక్ష్యాన్ని దాచటం మన ధర్మంలో పాపం. తెలిసినవాడు మౌనంగా ఉంటే తెలియనివాడు చెప్పినదే నిలిచిపోతుంది, ఆ తర్వాత అతనిని తప్పుపట్టే హక్కు మనకు ఉండదు. ఉస్తాద్ అల్లాహ్‌దాద్ తన పేరు ఇత్తడి మీద చెక్కి పోయాడు. దానిని చదివి పక్కవారికి చెప్పటం మన వంతు.