ఓడిపోతుందని తెలిసీ పెట్టిన తీర్మానం: ప్రతిపక్ష నాయకుడిగా కట్టమంచి

కట్టమంచి రామలింగారెడ్డి (1880–1951) మీద జరిగే సదస్సుల్లో ఒక వింత చూస్తూ వస్తున్నాను. తెలుగు శాఖవారు 'కవిత్వతత్త్వ విచారము' దగ్గర మొదలుపెట్టి అక్కడే ముగిస్తారు. చరిత్ర శాఖవారు అప్పటి మద్రాసు మంత్రివర్గ నాయకుడు, జస్టిస్ పార్టీకి చెందిన పానగల్ రాజా గురించి రాస్తూ దారిలో ఒక వాక్యం ఆయనకు విదిలిస్తారు. విశ్వవిద్యాలయాల చరిత్రలు రాసేవారికి ఆయన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు తొలి వైస్ ఛాన్సలర్, గోడమీది పటం. ఉన్న ఒక్క మనిషినీ మూడు వాటాలు వేసుకున్నారు. ఎవరి వాటాలోకీ రాకుండా మిగిలిపోయింది 1923 నవంబరు 27. భారతదేశపు చట్టసభల్లో తొలి అవిశ్వాస తీర్మానంగా చెప్పుకునేదాన్ని ఆయన మద్రాసు శాసన మండలిలో ప్రవేశపెట్టిన రోజు అది.

ఈ ఉపేక్షకు పాండిత్య గౌరవం తెచ్చిపెట్టినది, నా లెక్కలో, క్రిస్టఫర్ బేకర్ 1976లో వెలువరించిన 'ది పాలిటిక్స్ ఆఫ్ సౌత్ ఇండియా 1920–1937'. కొన్ని శాఖలు మంత్రులకు, మిగతావి గవర్నర్‌కు దక్కిన ద్వంద్వ పాలన కాలపు మద్రాసు రాజకీయాన్ని బేకర్ పదవుల పంపకంగా చదివాడు. లోకల్ బోర్డు నామినేషన్లు ఎవరి చేతిలో ఉంటే వారి చుట్టూ జనం, సిద్ధాంతం పైపూత. స్థానిక స్వపరిపాలన శాఖను పానగల్ రాజా తన దగ్గరే ఉంచుకున్న మాట నిజమే కాబట్టి ఈ చదువు పానగల్ విషయంలో చక్కగా నప్పుతుంది. చిక్కల్లా ప్రతిపక్షాన్ని కూడా అదే తక్కెడలో తూచడంలో ఉంది. ఆ తూకంలో కట్టమంచి మంత్రి పదవి దక్కక అలిగిన పెద్దమనిషి అవుతాడు, ఆయన తీర్మానం అందని ద్రాక్ష అవుతుంది. బేకర్ తర్వాత మనవాళ్ళు చాలామంది ఈ తక్కెడనే భుజాన వేసుకు తిరుగుతున్నారు.

అలిగినవాడు అలా చేయడు. రెండవ పానగల్ మంత్రివర్గం ఏర్పడింది నవంబరు 19న. తీర్మానం వచ్చింది ఎనిమిది రోజులకు. పదవి కోసం బేరమాడేవాడు తన బలం ఎంతో తేలకుండా గుంభనగా ఉంటాడు, కబుర్లు నడుపుతాడు, బడ్జెట్ దాకా ఆగుతాడు. కట్టమంచి ఎన్నికలకు ముందే జస్టిస్ పార్టీని వదిలి, యునైటెడ్ నేషనలిస్ట్ పార్టీ పేరుతో విడిగా నిలబడి, సభ కూడగానే తన దగ్గరున్న తలలెన్నో బాహాటంగా లెక్క పెట్టించాడు. బేరానికి ఇంతకన్నా చెడ్డ పద్ధతి లేదు.

మంత్రి పదవుల్లో తమకు వాటా లేదన్న తమిళ సభ్యుల అసంతృప్తే తీర్మానానికి మూలమనే మాట కూడా ఉంది. కొత్త మంత్రివర్గంలోకి తమిళుడైన శివజ్ఞానం పిళ్ళైని తీసుకోవడంతో ఆ మంట కొంత చల్లారింది. పైగా తీర్మానం పెట్టినవాడు చిత్తూరు పక్క కట్టమంచి నుంచి వచ్చిన తెలుగువాడు.

ఇక ఓట్ల సంగతి. రెండు రోజుల చర్చ తర్వాత మంత్రివర్గం పక్షాన 65, తీర్మానం పక్షాన 44. పుస్తకాలన్నీ ఈ అంకెలు చెప్పి 'వీగిపోయింది' అని ముందుకు సాగిపోతాయి. కాగితం మీద పెట్టి చూద్దాం. ఓటు వేసినవారు 109 మంది. పదకొండు మంది ఇటునుంచి అటు జరిగి ఉంటే 54, 55, మంత్రివర్గం లేదు. ఎన్నికై వచ్చిన స్థానాలు 98. మిగిలిన సభ్యులు అధికారులు, నామినేటెడ్ వారు. ప్రభుత్వం కూర్చోబెట్టిన వ్యక్తి ప్రభుత్వాన్ని దించడానికి చేయి ఎత్తడు కనుక 44 ఓట్లూ ఎన్నికైనవారివే అనుకోవడం సబబు. ఆ 65లో నామినేటెడ్ ఓట్లు 22 ఉంటే చాలు, ప్రజలు పంపిన సభ్యుల్లో ఆధిక్యం కట్టమంచిదే. అంతకు తక్కువ ఉండి ఉంటాయని నేను నమ్మను. నా అంచనా సరైనదైతే, 1923 నవంబరులో ఓటర్ల దృష్టిలో ఓడినది పానగల్. గెలిపించినది గవర్నర్ జాబితా.

అసలు అటువంటి తీర్మానానికి ఆధారమేమిటి? 1919 భారత ప్రభుత్వ చట్టం ప్రకారం మంత్రి గవర్నర్ ఇష్టం ఉన్నంతకాలం ఉంటాడు. సభ విశ్వాసం పోతే దిగిపోవాలన్న వాక్యం అందులో లేదు. కేంబ్రిడ్జి యూనియన్‌కు ఉపాధ్యక్షుడిగా పనిచేసిన మనిషికి ఈ లోటు కనబడకుండా ఉండదు. చట్టంలో లేని వాక్యాన్ని ఆయన ఆచరణతో రాశాడు. మంత్రి సభకు జవాబుదారీ అనే సూత్రం మన నేలమీద ఆచరణలోకి వచ్చింది ఆ ఓటింగుతోనే అని నా అభిప్రాయం. 1950 తర్వాత మనం రాజ్యాంగంలో చదువుకున్నది దాని శుభ్రప్రతి.

పదవులను వదిలిన తీరు చూసినా ఇదే స్వభావం. 1921లో మైసూరు సంస్థానంలో విద్యాశాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ ఉద్యోగం వదిలాడు. 1923లో అధికారంలో ఉన్న పార్టీని వదిలాడు. 1930లో, సత్యాగ్రహంపై ప్రభుత్వ దమనకాండకు నిరసనగా, వైస్ ఛాన్సలర్ పదవికి రాజీనామా ఇచ్చాడు. ఆ కుర్చీలోకి 1931లో రాధాకృష్ణన్ వచ్చారు. పదేళ్ళలో మూడు. పదవే పరమార్థమనుకునే సిద్ధాంతం ఈ మూడింటిని ఏ గదిలో సర్దుతుంది? 1926లో ఆ వైస్ ఛాన్సలర్ పదవి దక్కింది తాను దించబోయిన మంత్రివర్గం హయాంలోనే, పాత్రో విద్యామంత్రిగా ఉండగానే అని ఎవరైనా ఎత్తిచూపవచ్చు. విద్య వేరు, రాజకీయం వేరు.

ఇక్కడ తెలుగు శాఖవారి వాటాను కూడా కలిపి చూడాలి. పింగళి సూరన 'కళాపూర్ణోదయము'ను ముందు పెట్టుకుని ప్రబంధ సంప్రదాయాన్ని నిలదీసిన విమర్శకుడూ, పానగల్ మంత్రివర్గాన్ని నిలదీసిన సభ్యుడూ వేరువేరు మనుషులు కారు. అంతకంటే ముందు, చదువుకునే వయసులోనే, ఆయన 'ముసలమ్మ మరణము' రాశాడు. బుక్కరాయసముద్రం చెరువు కట్ట తెగబోతుంటే ఊరికోసం ఆ గండికి తనను బలి ఇచ్చుకున్న కోడలి కథ అది. ముసలమ్మ మునుగుతానని తెలిసీ నడిచింది. కట్టమంచి ఓడతానని తెలిసీ తీర్మానం అందించాడు. కావ్యంలో కుదిరిన మనసే మండలిలో పనిచేసిందని నా అభిప్రాయం.

ప్రతిపక్షం అంటే రేపటి మంత్రివర్గం అని మనకు అలవాటైపోయింది. కట్టమంచికి అది ఈ రోజు చేయవలసిన పని. ఆ పని ఫలితం 44 ఓట్లు. వాటిని ఓటమి పద్దులో రాసినంతకాలం మద్రాసు రాజకీయ చరిత్ర మంత్రుల వంశావళిగానే మిగులుతుంది. జమ పద్దులోకి మార్చి చూడండి, పుస్తకం మొత్తం తిరిగి రాయాల్సి వస్తుంది.