బోర్డులు తర్వాత చదువుదాం

పాటు నడుస్తోంది. కోరంగి ఏటి నీళ్లు సముద్రంలోకి దిగిపోతున్నాయి. ఇందాకటి దాకా నీళ్లున్నచోట, మడ అడవిలో వేసిన చెక్క దారి కింద, నల్లటి బురద మెరుస్తోంది. మీ ముందు సర్కారు బడి పిల్లలు, నాలుగూ ఐదూ తరగతులవాళ్లు. రెండు వరసల్లో నడవమంటే ఆరు వరసలయ్యారు. కాకినాడ నుంచి యానాం వెళ్లే రోడ్డు మీద బస్సు దిగింది మొదలు ఒక్కరూ నోరు మూయలేదు.

దారిపక్క బోర్డులున్నాయి. చెట్టు పేరు, శాస్త్రీయ నామం, ఉపయోగాలు. రెండు జడల పిల్ల ఒకతి నోట్సు తెరిచి మొదటి బోర్డు ఎక్కించుకోబోయింది. టీచరు ఆ పుస్తకం మూసేసింది.

"బోర్డులు తిరిగెళ్లేటప్పుడు చదువుదాం. ముందు నాలిక బయట పెట్టండి."

ఆవిడ చేతిలో ఉన్నది తెల్లమడ ఆకు. మీకూ ఒకటి అందింది. వెలుగుకి పట్టి చూడండి, పైన సన్నటి తెల్లపొడి కనిపిస్తుంది. పక్కనే ఉన్న తిల్ల చెట్టు జోలికి మాత్రం వెళ్లొద్దని అటవీశాఖ గార్డు ముందే హెచ్చరించాడు. దాని పాలు ఒంటికి తగిలితే బొబ్బలెక్కుతుంది, కంట్లో పడితే కాసేపు చూపే ఆనదు. అందుకే ఏ ఆకు నాకాలో ఇక్కడ పెద్దవాళ్లే చెప్పాలి.

"ఉప్పండీ!"

"ఉప్పు కాదండీ, సముద్రం నీళ్లు చిమ్మాయండీ," అన్నాడు నీలం నిక్కరు కుర్రాడు. వాడి అనుమానం సబబే. టీచరు అవుననలేదు, కాదనలేదు. "మరి ఎలా తేలుద్దాం?" అంది. కాసేపు గోల. చివరికి నీళ్లు ఎప్పుడూ అందని ఎత్తులో ఉన్న కొమ్మ నుంచి గార్డు చేత ఒక ఆకు కోయించారు. అదీ ఉప్పే. తర్వాత పక్కనున్న ఉప్పుపొన్న ఆకు, దళసరిగా నిగనిగలాడేది, తుడిచి నాకారు. చప్పగా ఉంది. ఒకే నీళ్లలో నిలబడ్డ రెండు చెట్లు! తెల్లమడ ఉప్పును లోపలికి రానిచ్చి ఆకుల్లోని గ్రంథుల గుండా బయటికి నెట్టేస్తుంది, ఉప్పుపొన్న చాలామటుకు వేరు దగ్గరే అడ్డుకుంటుంది. ఇది టీచరుకు తెలుసు. చెప్పడానికి ఆవిడ పావుగంట ఆగింది. ఆ పావుగంటలో వీళ్లు వేసిన ఊహలు వింటే, చెప్పకుండా ఉండటం ఎంత కష్టమైన విద్యో అర్థమవుతుంది.

ఇక చెప్పులు విప్పండి. గట్టు పక్కన కాస్త గట్టిగా ఉన్న నేల చూసి, అక్కడికి మాత్రమే దిగనిచ్చాడు గార్డు. మొదటి అడుగుకే మడమ పోయింది, రెండో అడుగుకి పిక్క దాకా. కుళ్లిన గుడ్డు కంపు గుప్పుమంది.

"ఒరేయ్, ఎవడ్రా అది?"

ఎవడూ కాదు, బురదే. గాలి చొరబడని అడుగున ఉండే సూక్ష్మజీవులు ఈ వాయువును వదులుతాయి. చేత్తో తవ్వి చూడండి. పైన బొటనవేలు మందాన గోధుమరంగు, దాని కింద కాటుక నలుపు. గాలి ఎక్కడి దాకా దిగిందో రంగే చెబుతోంది. ఒక పిల్ల పీత బొరియ పక్కన తవ్వి కేక పెట్టింది. బొరియ గోడ వెంబడి గోధుమరంగు లోతుకు దిగి ఉంది. "పీతలు గాలి తీసుకెళ్తన్నాయండీ!" ఇది వర్క్‌షీట్‌లో లేదు. వర్క్‌షీట్ బస్సులోనే ఉండిపోయింది, మంచిదైంది.

1978లో అభయారణ్యంగా ప్రకటించిన ఈ రెండు వందల చిల్లర చదరపు కిలోమీటర్లలో, నలుగురేసి పిల్లల జట్టుకు దక్కిన వాటా ఒక్క చదరపు మీటరు. తాడుతో చతురస్రం కట్టి, లోపల పైకి పొడుచుకొచ్చిన వేళ్లు లెక్కపెట్టాలి. బురద నిండా ఎవరో పెన్సిళ్లు గుచ్చి వెళ్లినట్టున్న ఈ వేళ్లే మడచెట్టుకు ముక్కులు. ఒకదాన్ని వేళ్ల మధ్య మెల్లగా నొక్కండి, మెత్తగా అణుగుతుంది. లోపలంతా ఖాళీ గదులు, గాలి దారులు. పాటు వేళ పీల్చిన గాలి బురదలో కూరుకున్న వేళ్లకు అందేది వీటి గుండానే.

"ఆ బొరియలో చెయ్యెట్టకండి! మండపీత ఉంటదండి," అన్నాడు ఒకడు టీచరుతో, మీతోనూ. వాళ్ల నాన్న ఏట్లో వల వేస్తాడట. బొరియ నోటి దగ్గర మట్టి తడిగా, కొత్తగా ఉంది చూడమన్నాడు. ఎండిన మట్టి ఉంటే పీత పోయినట్టు లెక్క. క్లాసులో వీడిది వెనకబెంచీ అని పక్కపిల్ల మీ చెవిలో ఊదింది. ఇప్పుడు మిగతావాళ్లంతా వాడి వెనకే. చుట్టూ ఉన్న చిన్న పీతల్లో మగవి ఒకే ఒక్క పెద్ద డెక్క పైకెత్తి ఊపుతుంటే వీళ్లూ ఒక చెయ్యి ఊపుతున్నారు. బురద మీద ఒక చేప గెంతింది. చేపేనా అన్న తగువు ఇంకా తెగలేదు.

మన బడుల్లో విహారయాత్రంటే జూ, పులిహోర పొట్లం, గ్రూప్ ఫొటో. పర్యావరణ దినం వస్తే గుంత తవ్వి మొక్క పెట్టి మళ్లీ ఫొటో, ఆ మొక్క సంగతి మళ్లీ ఎవరూ అడగరు. ఇరవై చెట్ల పేర్లు అప్పజెప్పించే యాత్ర కంటే ఒక్క బొరియ దగ్గర గంట కూర్చోబెట్టే యాత్ర నయమని నా అభిప్రాయం. కాకపోతే అలా కూర్చోవాలంటే పాటు వేళ చూసుకుని బస్సు మాట్లాడుకోవాలి. చాలామంది బస్సు వేళ చూసుకుని బయల్దేరతారు, వచ్చేసరికి అడవంతా నీళ్లలో ఉంటుంది.

గార్డు బావురు పిల్లి అడుగుజాడ ఒకటి చూపించాడు. అది రాత్రుళ్లు తిరుగుతూ చేపలు పట్టుకుంటుందన్నాడు. పిల్లి కనబడలేదని పిల్లలకు చిన్న నిరాశ. 1839 తుఫానులో ఉప్పెన కోరంగి రేవును ముంచేసిన కథ మొదలుపెట్టగానే మళ్లీ మూగారు.

"ఈ చెట్లుంటే తుఫాను ఆగుద్దాండీ?"

"ఆగదమ్మా. అల జోరు తగ్గుద్ది."

అంతకుమించి పొగడలేదు. ఆ మాటకు గార్డు మీద గౌరవం కలిగింది.

పోటు మొదలైంది. చీలమండలకు నీళ్లు తగులుతున్నాయి. జట్లు గట్టెక్కి లెక్కలు చెప్పాయి: అరవై రెండు, నూట నలభై, ఎనభై ఏడు. వెంటనే యుద్ధం. మీరు దొంగలెక్క రాశారంటే మీరే రాశారని. టీచరు సగటు కట్టించలేదు. ఎవరి తాడు ఎక్కడ పడిందని అడిగింది. నూట నలభై వచ్చిన జట్టు చెట్టు మొదటికి ఆనుకుని వేసింది, అరవై రెండు వాళ్లు ఏటి అంచున. "మళ్లీ లెక్కెడదామండీ, అందరం చెట్టు కాడే!" కానీ తాళ్ల మీదుగా నీళ్లు పారుతున్నాయి.

"రేపు పాటు ఎన్నింటికి బాబాయ్?" రెండు జడల పిల్ల ఏట్లో పడవ నడిపే బాబాయిని అడిగింది.

"ఇయ్యాల్టి కంటే ముప్పావుగంట పైనే ఆలీసెం."

ఆ పిల్ల వేళ్ల మీద లెక్క కట్టి, పదకొండు దాటుద్దని తేల్చి, టీచరు వైపు చూసింది. అప్పటికి లెక్కల పీరియడ్. హెడ్మాస్టరును అడిగి చూస్తాను, బస్సు డబ్బులు కూడా కావాలి కదా అంది టీచరు. "మాకు బస్సక్కర్లేదండి, మా నాన్న పడవుంది," అన్నాడు వెనకబెంచీ కుర్రాడు.