వెనక్కి తిరగలేని బోను

మొదటి బోను కాస్త పెద్దదే. దానికి అలవాటు పడ్డాక అంతకన్నా చిన్నది. ఆ తర్వాత ఇంకా చిన్నది. 1957లో లైకా, అల్బీనా, ముష్కా అనే మూడు కుక్కలకు సోవియట్ శాస్త్రవేత్తలు ఇచ్చిన శిక్షణ ఇది. ఒక్కో విడత 20 రోజుల దాకా సాగేది.

కుక్క తాను పడుకునే చోటును పాడు చేసుకోదు. అందుకే ఇరుకు బోనులో పెట్టగానే అవి మలమూత్రాలు బిగబట్టాయి. నీరసించాయి. విరేచనాల మందు ఇచ్చినా ఫలితం లేదు. రోజుల తరబడి అలవాటు చేయడం ఒక్కటే దారని తేలింది. దీనికి తోడు గిరగిరా తిప్పే యంత్రాలు, రాకెట్ హోరును తలపించే చప్పుళ్లు, అన్నానికి బదులు జిగురులాంటి మేత.

ఈ పనికి ఏరికోరి మాస్కో వీధికుక్కలనే తెచ్చారు. ఆకలికీ గడ్డకట్టే చలికీ తట్టుకుని బతికినవి కదా, అంతరిక్షాన్నీ తట్టుకుంటాయని లెక్క. అందులోనూ ఆడకుక్కలే. కాలెత్తే పని ఉండదు కాబట్టి, ఇరుకు గదిలో మలమూత్రాలు పట్టే అమరిక వాటికి సులువుగా కుదిరేది.

ఆ ఏడాది అక్టోబరు 4న తొలి కృత్రిమ ఉపగ్రహం స్పుత్నిక్-1 ఎగిరింది. నవంబరు 7న బోల్షెవిక్ విప్లవానికి 40 ఏళ్లు. ఆలోగా మరో ఘనత చూపాలని సోవియట్ నేత క్రుశ్చేవ్ పట్టుబట్టారు. నెల రోజులైనా లేని గడువులో వ్యోమనౌకను పైకి పంపడం సాధ్యమే కానీ, క్షేమంగా కిందికి దించే ఏర్పాటు లేదు. కుక్క తిరిగి రాదని అందరికీ తెలుసు. మూడింటిలో లైకాను ఎంచుకున్నారు. ప్రయోగానికి ముందు వ్లదీమిర్ యజ్‌దోవ్‌స్కీ అనే శాస్త్రవేత్త లైకాను ఇంటికి తీసుకెళ్లి తన పిల్లలతో ఆడుకోనిచ్చారు.

అక్టోబరు 31న లైకాను నౌకలోకి ఎక్కించారు. ప్రయోగం నవంబరు 3న. ఆ మూడు రోజులూ నేలమీదే, చలిలో, ఆ గదిలోనే ఉంది. గొలుసు కట్టి ఉన్నా నిలబడవచ్చు, కూర్చోవచ్చు, పడుకోవచ్చు. వెనక్కి తిరగడానికి మాత్రం చోటు లేదు.

రాకెట్ లేచేటప్పుడు నిమిషానికి 103 సార్లు కొట్టుకునే గుండె 240కి చేరింది. మామూలు స్థాయికి రావడానికి మూడు గంటలు పట్టింది. నేలమీద పరీక్షల్లో పట్టిన సమయానికి ఇది మూడింతలు. ఈలోగా గదిలో వేడి పెరిగిపోయింది. కొన్ని గంటల్లోనే లైకా చనిపోయింది. రోజుల తరబడి బతికిందనే లోకం నమ్మింది. అసలు సంగతిని 2002లో హ్యూస్టన్‌లో జరిగిన సదస్సులో రష్యా శాస్త్రవేత్త మలషెంకోవ్ బయటపెట్టారు. లైకా శవంతోనే భూమిని 2,570 సార్లు చుట్టిన నౌక 1958 ఏప్రిల్ 14న కాలిపోయింది.

1960 ఆగస్టులో బెల్కా, స్ట్రెల్కా అనే కుక్కలు కక్ష్యలోకి వెళ్లి ప్రాణాలతో తిరిగొచ్చాయి. స్ట్రెల్కా పిల్లల్లో ఒకటి, పుషింకా, కానుకగా అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ ఇంటికి చేరింది. లైకాకు శిక్షణ ఇచ్చిన ఒలేగ్ గజెంకో మాత్రం, ఆ ప్రాణానికి తగినంత జ్ఞానం ఆ ప్రయోగం నుంచి దక్కలేదని 1998లో బాధపడ్డారు.

ఇప్పుడు మన అపార్ట్‌మెంట్లలోనూ ‘క్రేట్ ట్రైనింగ్’ మాట వినిపిస్తోంది. అంటే కుక్కకు బోను అలవాటు చేయడం. పడుకునే చోటును పాడు చేసుకోని గుణమే దీనికీ ఆధారం. మాస్కోలో ఆ గుణాన్ని మాన్పించడానికి బోను వాడారు. ఇంట్లో కుక్కపిల్లకు బయటికెళ్లే అలవాటు చేయడానికి అదే గుణం సాయపడుతుంది. తేడా అంతా పెట్టే తీరులోనే ఉంది. మొదట తలుపు తెరిచే ఉంచాలి. తిండి లోపలే పెట్టాలి. తనంతట తాను వెళ్లడం మొదలయ్యాకే తలుపు మూయాలి, అదీ కొద్ది నిమిషాలే. తప్పు చేసిందని అందులో తోయకూడదు. గంటల తరబడి ఉంచకూడదు.

క్రేట్ కొనేముందు మీ కుక్కను అందులో నిలబెట్టి ఒక్క చుట్టు తిరగనివ్వండి. పెరిగే కుక్కపిల్లయితే పెద్దయ్యాక ఎంతవుతుందో కూడా లెక్కేసుకోండి. తిరగలేకపోతే ఆ పెట్టె కొనకండి.