గాయానికి కరెంటు వైద్యం

అయస్కాంతం పట్టీతో అన్ని రోగాలూ పోతాయనేవాళ్ళు, గాయానికి కరెంటేంటని నవ్వేవాళ్ళు: మన ఆఫీసుల్లో రెండు రకాలూ ఉన్నారు. నా ఉద్దేశంలో ఇద్దరూ కాస్త చరిత్ర చూడాలి.

తెగినచోట కరెంటు పుడుతుందని జర్మన్ శాస్త్రవేత్త డ్యుబ్వా రేమాన్ 19వ శతాబ్దంలోనే తన వేలు కోసుకుని మరీ కొలిచాడు. 1974లో అమెరికాలో కుందేళ్ళ చర్మగాయాల్లోకి సూడోమోనాస్ అనే బ్యాక్టీరియాని ఎక్కించి కరెంటు పంపారు. నెగటివ్ ఎలక్ట్రోడ్ దగ్గర దాని పెరుగుదల తగ్గింది. తగ్గడం వేరు, చావడం వేరు. ఆ తేడా గుర్తుంచుకోండి.

అదే ఏడాది ఆండ్రూ బాసెట్ బృందం తీగ గుచ్చకుండా, బయట కాయిల్స్ పెట్టి, కుక్కల కాలి ఎముకలు బాగా అతికేలా చేసింది. అతకని ఎముకలున్న మనుషులకి ఈ పద్ధతి వాడటానికి 1979లో ఎఫ్‌డీఏ ఒప్పుకుంది. 2006లో ‘నేచర్’లో ఇంకో సంగతి వచ్చింది: విద్యుత్ క్షేత్రం దిశ తిప్పేస్తే, గాయం పూడ్చాల్సిన కణాలు వెనక్కి నడుస్తాయట!

ఇంటర్ ఫిజిక్సు గుర్తుందా? ఫారడే ప్రకారం, మారే క్షేత్రమే కరెంటు పుట్టిస్తుంది. బాసెట్ కాయిల్‌లో క్షేత్రం మారుతుంది, మీ పట్టీలో మారదు. కాబట్టి నవ్వడం మానండి, పట్టీ కొనడమూ మానండి. మీ కుక్కకి పుండు చీము పడితే మాత్రం ముందు పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి.